గోడవతల పూసిన డిసెంబరాలు

మా చిన్నప్పుడు... బొమ్మసంద్రలో మేమున్న అద్దె ఇంటి బోరు ఎండిపోయిన ఏడాది అది. నాలుగు రోజులకోసారి ట్యాంకరు వచ్చేది. "మొక్కలకి చుక్క పోశావంటే చూడు!" అని అమ్మ, నర్సు యూనిఫాం విప్పకముందే నన్ను బెదిరించేది. నాన్న తెచ్చిన గులాబీలు ఒక్కొక్కటే మాడిపోయాయి...

నా ఏడుపు చూడలేక పక్కింటి నాగమ్మవ్వ తన పెరట్లోంచి డిసెంబరం కొమ్మ ఒకటి విరిచి ఇచ్చింది.

"నాటుకో పాపా. బియ్యం కడిగిన నీళ్ళు చాలు. ఎండకి చచ్చేది కాదు ఇది."

నిజమే, మొండి మొక్క! గోడవార రాళ్ళ నేలలోనే చిగురేసింది, గుబురుగా పెరిగింది. పువ్వు మాత్రం లేదు... రోజూ బడి నుంచి రాగానే ఆకుల మధ్య వెతికేదాన్ని.

చర్చిలో కోత పండుగ వచ్చింది. సండే స్కూలు పిల్లలందరూ ఇంట్లో పూసిన పూలు తెచ్చారు. నేనొక్కదాన్నే ఒట్టి చేతులతో నిలబడ్డాను. ఇంటికొచ్చి, ఆ ఉక్రోషంతో మొక్కని వేళ్ళతో సహా పీకి గోడవతలికి విసిరేశాను. ఎవరికీ చెప్పలేదు.

క్రిస్మస్ రోజు పొద్దున్నే గోడ మీంచి నాగమ్మవ్వ పిలిచింది.

"పాపా, ఇట్ల రా. నీ చెట్టు ఈడుండాది చూడు."

గోడ పట్టుకుని అవతలికి తొంగి చూశాను. ఎండిన బావి గట్టు పక్కన నా మొక్క... దానికి ఊదారంగు పూలు, నాలుగంటే నాలుగు!

"నువ్వు విసిరేస్తివి, నేను నాటుకొంటి. చలి రాకముందే పీకేస్తే ఎట్ల పూస్తాదప్పా?"

అంతే. ఆ నాలుగింటికి తన చెట్టు పూలు కలిపి మాల కట్టి, నా జడలో తురిమింది. అమ్మకి చెప్పనేలేదు. నేనే ఆగలేక, చర్చికి వెళ్ళే దారిలో ఏడుస్తూ అంతా చెప్పేశాను. అమ్మ నవ్వుతూ నా ముక్కు తుడిచింది...

ఇప్పుడు మాది అపార్ట్‌మెంట్లో ఏడో అంతస్తు. బాల్కనీ తొట్టిలో డిసెంబరాలు విరగబూశాయి. వారం ఊరెళ్ళొచ్చినా మొక్క వాడదు. పక్క ఫ్లాటులో ఒక చిన్నపాప ఉంది... రెండేళ్ళయినా ఆ పాప పేరు నాకు తెలియదు.

మీ చిన్నప్పుడు పక్కింట్లో ఎవరుండేవారు? వాళ్ళ పేరు కింద రాయండి... చదువుకుంటాను.