గ్రాఫిక్స్ డబ్బాకు జిప్పు కవర్

గేమింగ్ ల్యాప్‌టాప్‌లో తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు మా బావ స్థాయికి సరిపోలేదట. అందుకని ఇంకో పెద్ద కార్డును విడిగా ఇనుప డబ్బాలో పెట్టించి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. ఆ వైభవం చూడ్డానికి ఇవాళ సాయంత్రం బొగ్గు గనిలో తన షిఫ్టు వాళ్లను ఇంటికి పిలిచాడు. నన్నూ పిలిచాడు, నా ఖర్మ.

గేమ్ మొదలైన కాసేపటికే తెర నల్లబడింది. మళ్లీ పెడితే మళ్లీ నల్లబడింది. బావ కేబుల్‌ను తిట్టాడు, కరెంటును తిట్టాడు, డబ్బా అమ్మినవాడి వంశాన్ని తిట్టాడు. నేను లేచి డబ్బాను ముట్టుకుంటే, పైనున్న కవర్ మీదుగానే చెయ్యి కాలింది. గోదావరిఖనిలో బొగ్గు దుమ్ముకు భయపడి టీవీకీ ఫ్రిజ్‌కూ కవర్ తొడుగుతాం కదా, ఈ మహానుభావుడు దీనికీ టైలర్ దగ్గర మందపాటి రెగ్జిన్ కవర్ కుట్టించాడు. జిప్పుతో సహా! ఇక లోపలి ఫ్యాన్‌కు గాలెక్కడిది?

“బావా, అది ఊపిరాడక సస్తున్నది. కవర్ తియ్యి.”

“తీస్తే లోపటికి దుమ్ము పోదా? కొత్తది ఖరాబ్ చేసుకోవాల్నా?”

నేనే జిప్పు లాగి కవర్ తీసేశాను. గేమ్ చక్కగా నడిచింది. అందరూ బావను మెచ్చుకున్నారు. వాళ్లు గడప దాటారో లేదో, ఆయన మళ్లీ కవర్ తొడిగేశాడు.

“రేపు మళ్ల ఆగిపోతే?” అన్నాను.

“నువ్వున్నవ్ గద.”

దుమ్ము నుంచి వస్తువును కాపాడే కవర్ చూశాను. యజమాని నుంచి కాపాడే కవర్ ఎవరైనా కుడతారా? చెప్పండి, బావ కొలతలు నేనిస్తాను.