రాలిన ఆకుల మీద తీర్పు

మొక్కల జబ్బుల పరిశీలన కేంద్రంలో ఆయన హోదా చాలా పొడుగ్గా ఉంటుంది. జనం దాన్ని కత్తిరించి ‘ఆకు డాక్టరు’ అన్నారు. ఆయనకి కాలు ఒకచోట నిలవదు. ఎవరి ప్రహరీ మీంచి ఏ కొమ్మ వేలాడినా ఆకు తిప్పి చూడనిదే ముందుకు పోడు. పెళ్లికి వెళితే వధూవరుల కంటే ముందు గుమ్మం దగ్గరి కుండీల్ని పరామర్శిస్తాడు. భార్య బెండకాయలు తెస్తే ఒకటి వెలుతురుకి పట్టి, “పల్లాకు తెగులు. తోటంతా పోయుంటుంది పాపం” అని నిట్టూరుస్తాడు.

“కూరకి పనికొస్తాయా రావా, అది చెప్పండి” అంటుంది ఆవిడ.

ఆ ప్రశ్న ఆయన శాస్త్రం పరిధిలోకి రాదు.

ఆఫీసులో ఆయనకో నియమం ఉంది. చెట్టుని చూడనిదే జబ్బు పేరు చెప్పకూడదు. ఎవరైనా సంచీలో ఆకు పడేసుకొచ్చి “బతుకుతుందా సార్?” అంటే, “రోగిని ఇంట్లో వదిలేసి గోరు తెచ్చావేమయ్యా!” అని తిప్పి పంపిస్తాడు. పై అధికారి పెరట్లో గులాబీ విషయంలోనూ ఈ నియమం సడలలేదు. సడలింది ఒక్క బావమరిది దగ్గర, అదీ భోజనాల వేళ, భార్య పొగిడిన పాపానికి.

బావమరిదికి ఉన్నదల్లా ఒక బత్తాయి తోట. దాని కాపు మీదే ఆ ఇల్లు నడుస్తుంది. చెట్లు పసుపెక్కుతున్నాయని గుడ్డసంచీ నిండా ఆకులు తెచ్చాడు.

“మీ బావ ముందు ఏ ఆకూ అబద్ధమాడదురా” అంది ఆవిడ, వడ్డిస్తూ.

అంతే. ఆకు డాక్టరు ఎడంచేత్తో ఒక ఆకు తీసి నడి ఈనె వెంట మడిచాడు. ఒక సగంలో పసుపు మరక ఉంది, రెండో సగంలో దానికి జోడీ లేదు. ఇంకోటి మడిచాడు. అదీ అంతే. గంభీరంగా మంచినీళ్లు తాగి, గ్లాసు దించి, తీర్పు చెప్పాడు.

“రెండు సగాలూ కలవలేదంటే గ్రీనింగ్ తెగులేరా. దీనికి మందు లేదు. పక్క తోటలకి అంటకముందే కొట్టేసి తగలబెట్టెయ్.”

బావమరిది కంచంలోనే చెయ్యి కడిగేసుకుని, సంచీ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

మర్నాడు సెలవు. స్థిమితంగా కూర్చోవడం చేతకాక ఆయన ఆ ఆకుల్ని బల్ల మీద పరిచాడు. తిరగేశాడు. లేచి కిటికీ దాకా వెళ్లాడు, వెనక్కొచ్చాడు, మళ్లీ తిరగేశాడు. ఏదో గుచ్చుకుంటోంది. తొడిమలు చూశాడు. చెట్టు మీంచి తుంచిన ఆకుకి తొడిమ చివర చిరిగి పీచు లేస్తుంది. ఇక్కడ ఒక్కటీ చిరగలేదు, అన్నీ నున్నగా ఉన్నాయి. అంటే వాటంతట అవే రాలినవి! ముదిరి రాలే ఆకు ఎలాగూ పసుపెక్కుతుంది, అదీ వంకరటింకరగా.

ఫోన్ చేస్తే బావమరిది భార్య ఎత్తింది. “ఆయన తోటకెళ్లారన్నయ్యగారూ. ఫోన్ ఇక్కడే వదిలేశారు. రంపం మిషనతను పొద్దున్నే వచ్చేశాడు.”

“ఆ ఆకులు వాడు ఎక్కడ కోశాడమ్మా?”

“కొయ్యలేదండీ. అసలే జబ్బుపడ్డ చెట్లు, ఇంకా గిల్లి బాధపెట్టడం ఎందుకని కిందవే ఏరారు. వంగి వంగి నడుం పట్టేసింది కూడాను.”

ఆయన చెప్పులు తారుమారుగా వేసుకుని స్కూటర్ తీశాడు. భార్య వెనకెక్కింది. “హెల్మెట్టు పెట్టుకోండి. తలలో మిగిలిందైనా దక్కాలి.” దారి పొడుగునా ఆయన ఒక్క కంచె వైపూ తల తిప్పలేదు. అప్పుడు భయమేసింది ఆవిడకి.

తోట గేటు దగ్గరికే రంపం రొద వినిపించింది. మొదటి వరస అప్పటికే నేల మీద ఉంది.

“ఆపవయ్యా! ఆపు!”

నిలబడ్డ చెట్టు మీంచి లేత ఆకు తుంచి మడిచాడు. ఈనెలు పచ్చగా, వాటి నడుమ పసుపు. రెండు సగాలూ అద్దంలో చూసుకున్నట్టున్నాయి. పక్క చెట్టుదీ అంతే.

“జింకు తక్కువైందిరా. పిచికారీ చేస్తే కోలుకుంటాయి.”

“బతుకుతాయా బావా?” బావమరిది ఆ చెట్టు మొదలు తడిమాడు. వెంటనే పడిపోయిన వరస చూపించాడు. “మరి ఇవి?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆయన పడిన చెట్ల పక్కన గొంతుక్కూర్చుని ఒక్కో కొమ్మ నుంచీ ఆకు తుంచాడు, మడిచాడు. అన్నీ జతకుదిరాయి.

“ఇవీ బతికేవేరా.”



“కింద ఏరానని నేనైనా చెప్పాల్సింది” అన్నాడు బావమరిది.

“నేనడగాల్సింది.”

“తప్పు ఇద్దరూ బాగానే పంచుకున్నారు” అంది ఆవిడ. “మిగతా చెట్లు ఎవరు చూస్తారు?”

ఆయన లేచాడు. చెట్టు తర్వాత చెట్టు. తుంచడం, మడవడం, విప్పడం. వెనకాలే బావమరిది. తోట చివర ఒక చెట్టు దగ్గర సగాలు కలవలేదు. ఇంకో ఆకు తుంచాడు. అదీ కలవలేదు.

“ఏంటి బావా ఇది?”

ఆయన ఆ రెండాకులూ రుమాల్లో చుట్టాడు. “ఇప్పుడే చెప్పలేను. పరీక్షకి పంపాలి.”

“నన్ను ఉండమంటారా, వెళ్లమంటారా?” రంపం మనిషి కేకేశాడు.

ఆకు డాక్టరు పక్క చెట్టు దగ్గరికి వెళ్లి ఇంకో ఆకు తుంచాడు.