అమ్మ కొంగు కింద స్పార్క్

స్కూటర్ మొండికేస్తే ప్లగ్ విప్పి స్పార్క్ చూడటం మా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. గవర్నర్‌పేటలో మా నాన్న ప్లగ్‌ను గరుకు కాగితంతో రుద్ది, ఇంజిన్‌కు ఆనించి కిక్ కొట్టేవారు. ఎండలో స్పార్క్ కనపడదని అమ్మ పైన కొంగు అడ్డం పట్టేది. పెట్రోలు వాసన వేసే ఆ నీడలో నీలంగా చిటుక్కుమనేది. ఆ మెరుపు అమ్మ కొంగులోనే ఉంటుందనుకునేదాన్ని.

నాన్న పోయాక మూలన పడేసిన ఆ స్కూటర్‌ను ఇవాళ ఎండలోకి తీశాను. కొత్త పెట్రోలు పోశాను. ప్లగ్, వైరు మార్చాను. కిక్ కొట్టి కొట్టి కాలు పీకుతోంది. స్పార్క్ వచ్చినట్టే ఉంటుంది, రానట్టూ ఉంటుంది. కాయిల్ పోయిందా, నాకే చూడటం రావడం లేదా?

అమ్మ వచ్చి కొంగు పట్టింది. "ఇప్పుడు కొట్టవే."

నీలంగా మెరిసింది! గబగబా ప్లగ్ బిగించి కొట్టాను. అయినా స్టార్ట్ కాలేదు. మరి ఇంకేం పోయినట్టు?

"పెట్రోలు నాబ్ తిప్పావా? బండి పెట్టగానే మీ నాన్న కట్టేసేవారు కదా" అంది అమ్మ.

వంగి చూశాను. నాన్న చివరిసారి కట్టేసినట్టే ఉంది.

దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను. తిప్పాలో వద్దో తెలియడం లేదు.