అక్క దూకిన వామి

మొన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగినప్పుడు పక్కన నిలిచిన ట్రాక్టరులోంచి ఎండుగడ్డి వాసన గుప్పున కొట్టింది. అందరికీ కమ్మగా ఉంటుందట ఆ వాసన. నేను మాత్రం కిటికీ మూసేశాను.

డెబ్బైలలో మాట. నూర్పిళ్ళయి, కల్లంలో గడ్డివామి లేచి, క్రిస్మస్‌కి వండిన అరిసెలు డబ్బా అడుగున ఇంకా నాలుగు మిగిలి ఉన్న రోజులు. మా కరుణక్కకి పద్నాలుగు, నాకు పది. లాంగ్‌జంప్ పోటీకి బడి తరఫున అక్కని విజయవాడ పంపుతామన్నారు. కాళ్ళలో బలం రావాలని డ్రిల్లు టీచరుగారు మూడు నేర్పారు: తాడాట, కప్పగంతులు, రెండు కాళ్ళతో అరుగు మీదకి ఎగిరి ఎక్కడం. "ఎక్కేటప్పుడు ఎగురమ్మా, దిగేటప్పుడు మెల్లిగా అడుగేసి దిగు" అని మరీ మరీ చెప్పారు.

పొద్దున్నే కళ్ళాపి తడి ఆరని వాకిట్లో ఇద్దరం ఆ మూడూ చేసి, ఏది గొప్పదో వాదులాడుకునేవాళ్ళం. తాడాడితే పిక్కలు పట్టేసేవి, కప్పగంతులేస్తే మర్నాడు పీట మీద కూర్చోవడానికి అబ్బా అనాల్సి వచ్చేది, అరుగెక్కితే మాత్రం ఎక్కడా నొప్పే ఉండేది కాదు. నొప్పి లేనిదానికి బలమెక్కడిదని నా తీర్పు. పదేళ్ళకే పెద్ద పండితురాలిని మరి! ఎక్కడం కంటే దూకడమే మేలని చెప్పి అక్కని వామి ఎక్కించాను.

"అమ్మో, ఎంత ఎత్తుందే!" అంది.

"విజయవాడ వెళ్ళేదానివి, ఇంత పిరికిదానివేంటే!" అన్నాను.

మూడు రోజులు కింద పరుచుకున్న గడ్డి మీదకి దూకి పకపకా నవ్వింది. నాలుగోరోజు ఆ గడ్డిని అమ్మ గేదెలకి వేసేసిన సంగతి మేం చూసుకోలేదు. గట్టినేల మీద పడి అక్క కుడిమోకాలు తిరిగిపోయింది.

కేక విని నాన్న పరుగెత్తుకొచ్చాడు. "ఎవరెక్కమన్నారే?"

"నేను వద్దన్నా వినలేదు నాన్నా" అనేశాను.

అక్క నా వంక చూసింది. ఏడుస్తూనే, "అవును నాన్నా" అంది.

కట్టు విప్పాక టీచరుగారు ఇంటికొచ్చి, "వచ్చే ఏడైనా పంపండి" అని బతిమాలారు. "వద్దన్నా వినని పిల్లని ఏ ధైర్యంతో పంపనండీ?" అన్నాడు నాన్న. నా అబద్ధమే అక్క ఆట మాన్పించింది.

ఇప్పుడు మా ఊళ్ళో వామి లేదు, కల్లం ఇళ్ళ స్థలాలైపోయింది, నిజం చెప్పుకుందామంటే నాన్నా లేడు. ఆదివారం మందిరంలో ప్రార్థనకి అందరం మోకరిస్తాం. మోకాలు వంగని అక్క ఒక్కతే కుర్చీలో తల వంచుకుంటుంది. ఆమె పక్కనే మోకాళ్ళూని, ఆమెతో ఏనాడూ అనలేని మాట దేవుడితో చెప్పుకుని ఏడుస్తాను. నేను లేవలేక తడుముకుంటుంటే చెయ్యందించేది అక్కే.