క్యారేజీ పైగిన్నెలో చీటీ

మాస్టారు పోయారని గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను నమ్మలేదు. మూడేళ్లుగా ఆయన వారానికి రెండుసార్లు చచ్చిపోతూనే ఉన్నారు, ప్రతిసారీ వాళ్లావిడ చేతిలోనే. ఇదీ ఇంకో ఉదాహరణ వాక్యమే అనుకుని ఫోన్ బోర్లా పెట్టాను. కాసేపటికి నా రూమ్మేట్ వచ్చి, "నిజమేనే. పొద్దున మెట్రోలనే పానం పోయిందట. క్లాసుకే వస్తుండెనట," అని మంచం మీద కూలబడింది.

దేశ రాజధానిలో, కటవారియా సరాయ్‌లో ఒక జిరాక్సు షాపు పైగదిలో ఆయన మాలాంటి సివిల్స్ వాళ్లకు తెలుగు సాహిత్యం చెప్పేవారు. వ్యాకరణం వచ్చిందంటే చాలు, ఉదాహరణకి వాళ్లావిడ వచ్చేసేది. కళ్లు మూసుకుని, "మా ఆవిడ నన్ను చూసి, నవ్వి, కత్తిపీట తీసి, పదును చూసి..." అని ఆగేవారు. గదంతా ఊపిరి బిగబట్టేది. "ఉల్లిపాయలు తరిగింది." ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు, "మన భాషలో అసలు క్రియ చివర్న వస్తుంది. అది వచ్చేదాకా ఏ మొగుడి ప్రాణానికీ భరోసా లేదు," అనేవారు. అందరూ పడీపడీ నవ్వేవారు, నేను తప్ప.

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలప్యాకెట్ మీద తేదీ రెండుసార్లు చూస్తాను. పెళ్లాం మీద జోకులేసే మగాళ్లంటే మరీను. మా బాబాయి పెళ్లిళ్లలో పిన్ని మీద ఇలాగే జోకులేసి అందర్నీ నవ్వించేవాడు, ఇంటికెళ్లాక పిన్నితో మాట్లాడేవాడే కాదు. అందుకని మాస్టార్ని కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. ఆధారాలు దొరికాయి కూడా. ఆవిడ ఫొటో ఒక్కటీ ఎవరికీ చూపించలేదు. ఉగాదికి ఘాజియాబాద్‌లో మీ ఇంటికి వస్తామంటే, "వద్దు తల్లీ, మా ఆవిడ కరుస్తుంది," అన్నారు. ఒంటిగంటకి మాకు వీపు తిప్పి, క్యారేజీ పైమూత తీసి, లోపలికి చూసి తనలో తను నవ్వుకునేవారు. ఆ మధ్యాహ్నమే కొత్త జోకు పడేది. అన్నం గిన్నెలోకి చూసి నవ్వే మనిషిని ఏమనుకోవాలో మీరే చెప్పండి. ఆవిణ్ణి ఇంట్లో పెట్టి తాళం వేసొస్తున్నాడని నేను తేల్చేశాను. "నువ్వు పోలీసుల్లకు పోవే, నీకు గదే కరెక్టు," అంది నా రూమ్మేట్.

ఒకరోజు ఉండబట్టలేక క్లాసులోనే అడిగేశాను. "మాస్టారూ, అసలు ఆవిడ ఉన్నారా?"

ఆయన చాక్‌పీసు కింద పెట్టి, చేతులు దులుపుకుని, "అడిగి చెప్తానమ్మా," అన్నారు.

మర్నాడు భోజనం అయ్యాక గంభీరంగా ప్రకటించారు. "ఉందిట."

గది దద్దరిల్లింది. నేను పళ్లు బిగించుకుని కూర్చున్నాను.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. మొదటిసారి మెయిన్స్ పోయి నేను గదిలోంచి బయటికి రానప్పుడు, ఫోన్ చేసింది ఆయనొక్కరే. "అసలు క్రియ ఇంకా రాలేదమ్మా. వాక్యం మధ్యలో లేచిపోకూడదు," అన్నారు. క్లాసులో తలలు తగ్గిపోతున్నాయని పిలుస్తున్నారేమో అనుకున్నాను. అనుకుంటూనే వెళ్లాను. ఆయన వల్లే ఇంకా ఇక్కడున్నాను.

ఆయన పోయిన మూడోరోజు నేనూ నా రూమ్మేటూ ఘాజియాబాద్ వెళ్లాం. తలుపు తీసినావిడ నా భుజం దాకా కూడా లేరు. నేను అడుగుపెడుతూనే గడియ ఏ వైపు ఉందో చూశాను. ఎంత సిగ్గులేని కళ్లు నావి!

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నా దగ్గర ఆగారు. "నవ్వని పిల్లవి నువ్వేనా? ఆ కనుబొమల ముడి గురించి చెప్పార్లే."

నా చెయ్యి కనుబొమల మీదికి పోయింది.

"రోజూ ఇంటికి రాగానే ఇదే గొడవ. అందరూ నవ్వారే, ఆ పిల్ల మాత్రం నవ్వలేదూ అని. నీ కోసం ఎన్ని కొట్టేసి మళ్లీ రాశానో తెలుసా?"

"మీరు రాశారా ఆంటీ?"

"మరెవరు? ఆయనకంత తెలివే ఉంటే ఇంకేం! పొద్దున్నే కూర ఉడికేలోపు చీటీ మీద ఒక జోకు రాసి పైగిన్నెలో పెట్టేదాన్ని. ఎవర్నీ ఇంటికి తేవద్దన్నదీ నేనే. నన్ను చూశాక ఇంకెవరైనా భయపడతారా? జోకు చచ్చూరుకుంటుంది."

లోపలికెళ్లి క్యారేజీ పైగిన్నె ఒక్కటీ తెచ్చారు. ఆసుపత్రి వాళ్లు ఆయన బ్యాగుతో పాటు ఇచ్చారట. మిగతా గిన్నెలు ఆవిడే కడిగేశారట. చీటీ, నాలుగు వడియాలు ఉండే ఈ గిన్నె మూత మాత్రం తీయలేదు.

"ఏం రాశానో గుర్తుంది. అందుకే చేతులు రావట్లేదు. నువ్వు చదువమ్మా."

తీసి, పైకి చదివాను. "మా ఆవిడ కట్టిన క్యారేజీ తెరిచి, వాసన చూసి, దేవుడికి దండం పెట్టి, వీలునామా రాసి, తిన్నాను."

వీలునామా దగ్గర, మూడేళ్లుగా బిగబట్టిన నవ్వు తన్నుకొచ్చేసింది. చివరి మాట దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన తినలేదు.

ఆవిడ నా మొహంలోకి అనుమానంగా చూశారు. "జాలికి నవ్వావా?"

"లేదాంటీ. ఒట్టు."

నమ్మినట్టు లేరు. "ఏదీ, మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. ఈసారి ఆవిడే ముందు నవ్వారు. తర్వాత నా చేతిలోంచి చీటీ తీసుకుని, పాత మడతల్లోనే మడిచి, వడియాల మీద పెట్టి మూత బిగించారు.