లావెండర్ కుండీలో చెంబెడు నీళ్లు

మూడు లావెండర్ మొక్కల్లో రెండు ఇప్పటికే కుళ్లిపోయాయి. మూడోదాన్ని ఈ చలికాలం దాటించడానికి నేను పడని పాట్లు లేవు. మట్టిలో ఇసుక కలిపాను. తెల్లవారుజామున కొబ్బరి మట్టల మీంచి మంచు కారుతుందని కుండీని చూరు కిందకి, అరుగు మీదకి జరిపాను. మట్టి పూర్తిగా ఎండేదాకా చుక్క నీళ్లు పోయొద్దని ఇంట్లో అందరికీ అరిచి మరీ చెప్పాను.

ఈ రోజు సాయంత్రం పలాస బజారు నుంచి వచ్చేసరికి, మా అత్త చెంబుతో ఆ కుండీలోనే నీళ్లు పోస్తోంది. కింద పళ్లెం నిండిపోయి అరుగంతా పారుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటత్తా, ఏటి సేత్తన్నావు? నీల్లు ఎక్కువైతే సచ్చిపోద్దని ఎన్నిసార్లు సెప్పాలి?"

ఆవిడ చెంబు దించలేదు.

"నాకూ రోజూ ఇదే మాట సెప్తావు. దాన్నైనా కడుపునిండా తాగనీ."

మా ఉద్దానంలో చాలామందిలాగే ఆవిడకీ కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మొదలైనప్పటి నుంచి, ఎక్కువ తాగకూడదని, తాగే నీళ్లు సీసాతో కొలిచి ఇచ్చేది నేనే.

నా కోపం పోయిందనుకోకండి. కుండీ వంచి నీళ్లు ఒంపేశాను కానీ, ఆ మొక్క బతికేలా లేదు. ఈ మొక్కల గ్రూపులో లావెండర్ చిట్కాలు ఇక ఎవరూ పంపొద్దు. ఎన్ని నీళ్లు పోసినా చావని పూల మొక్క ఏదైనా ఉంటే చెప్పండి. రేపే తెచ్చి అరుగు మీద పెడతాను. చెంబు ఎలాగూ మా అత్త దగ్గరే ఉంది.