బిగించని కుళాయి

ఆ యుద్ధనౌక ఆవిడకి సవతి. పెళ్లయిన ఏడే అది నీళ్లలోకి దిగింది, ఆయన బాయిలర్ పనివాడిగా దాని కడుపులోకి దిగాడు. "కాపురం దానితో, సెలవులు నాతో" అని ఆవిడ దెప్పిపొడిచేది.

సవతి చరిత్రంతా ఆవిడకి కంఠతా. వయసులో ఉండగా యుద్ధం, సరుకు ఓడలకు కాపలా. అప్పుడే ఓ చలికాలం ఆవిరి గొట్టం పగిలింది. పక్కనున్న ఇద్దరు పోయారు, ఈయనకి ఎడమ చెవి పోయింది. ఆ తర్వాత తుపానుల్లో జాలర్లను వెతకడం, రంగు మీద రంగు పూసుకుని పరాయి రేవుల్లో నిలబడటం. ముసలితనంలో కొత్త నావికులకు పాఠాలు నేర్పే బడి. ఆయనా దానితోపాటే అరిగిపోయాడు.

ఇంటికొచ్చినా అదే చెయ్యి. కుళాయి ఎప్పుడూ గట్టిగా కట్టడు. ఆవిరి వాల్వుని వేడిమీద బిగిస్తే చల్లారాక పట్టేస్తుందట, మళ్లీ కావాలన్నప్పుడు కదలదట.

"ఇది వంటింటి కుళాయండీ, వచ్చేవి చన్నీళ్లు! టప్ టప్ మంటూ నా ప్రాణం తోడేస్తోంది" అని ఎంత మొత్తుకున్నా ఆయన చెవికెక్కేది కాదు. ఉన్నది ఒక్క చెవే మరి.

చివరికి ఓడని తుక్కు కింద అమ్మేశారు. బాయిలర్లు ఆర్పే పని ఆయనకే పడింది, ఆ రోజుతో ఉద్యోగమూ సరి. ఇన్నాళ్లకు మనిషి ఇల్లు చేరుతున్నాడని సంబరపడాల్సింది పోయి, ఆవిడ పొద్దుటినుంచీ భయపడుతూనే ఉంది. ఇనుము పోతే పోయింది, దానితోపాటే ఈయనా ఆరిపోతే?

సాయంత్రం వచ్చి గుమ్మంలో బూట్లు విప్పాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది. వాల్వులన్నీ గట్టిగా బిగించెయ్యమన్నారు, బిగించేశాను. ఇక తెరిచేదెవరు?"

వంటింట్లో చేతులు కడుక్కుని కుర్చీలో కూలబడ్డాడు. భోజనం సగంలోనే లేచి మళ్లీ ఆ కుర్చీలోకే చేరాడు.

గిన్నెలు కడుగుదామని వెళ్లిన ఆవిడ ఆగిపోయింది. కుళాయి చుక్క కారడం లేదు. ఏళ్ల తరబడి తను మొత్తుకుని అడిగిన నిశ్శబ్దం ఇదే. దాన్ని వింటుంటే ఏడుపొచ్చింది. తిప్పబోతే కదల్లేదు.

"ఏమండీ, ఇలా రండి. పట్టేసింది. నా వల్ల కావట్లేదు."

ఆయన లేవడానికి చాలాసేపు పట్టింది. గుడ్డ చుట్టి రెండు చేతులా తిప్పితే నీళ్లొచ్చాయి. వెళ్లిపోకుండా అక్కడే గోడకానుకుని, ఆవిడ గిన్నెలు కడిగేదాకా నిలబడ్డాడు.

"ఇక కట్టండి. అంత గట్టిగా వద్దు, రేపు పొద్దున మళ్లీ తిప్పుకోవాలి కదా."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. తర్వాత ఎప్పటిలాగే వదులుగా కట్టాడు.

ఆ రాత్రంతా కుళాయి కారుతూనే ఉంది. ఆవిడ హాయిగా నిద్రపోయింది.